మీరడిగారు: మంగోలుల దేల్ సంగతులు

పోయిన సంచికలో మంగోలియాలో జులై 11 నుంచి 13 దాకా జరిగే నాదమ్ పండుగ ఫోటోలు వేశాం కదా, కుస్తీలు, గుర్రప్పందేలు, విలువిద్య. ఆటల గురించి నాలుగు ఉత్తరాలొస్తే బట్టల గురించి కట్టలొచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులు రాస్తున్నాను. కొన్నిటికి జవాబు పొడుగైంది, అవి చెప్పుకోదగ్గ సంగతులు మరి.

ప్రశ్న: ఆ ఫోటోల్లో ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ ఒకే తరహా పొడవాటి అంగీ వేసుకుని నడుముకి గుడ్డ చుట్టుకున్నారు. దాని పేరేంటి? దానికి జేబులుండవా? (ఒక కాలేజీ విద్యార్థిని)

దాని పేరు దేల్. నిలువు కాలరు, మోకాళ్లు దాటి దిగే పొడవు, వేళ్ల కొసల్ని కూడా కప్పేసేంత చేతులు. మీరు గమనించింది నిజమే, కోత ఆడామగా అందరికీ దాదాపు ఒకటే. తేడా అంతా రంగులో, అంచుకి వేసే పట్టీలో, నడుము కట్టు ఎక్కడ కడతారన్న దాంట్లో ఉంటుంది. మగవాళ్లు కట్టుని తుంటి మీదికి దించి కడతారు, ఆడవాళ్లు సన్నటి నడుము దగ్గరే బిగిస్తారు.

మన అంగరఖాలాగే ముందు భాగం ఒకదాని మీదికొకటి వస్తుంది. కుడివైపు ముక్క ముందు లోపలికి పోతుంది, దాని మీద నుంచి ఎడమవైపు ముక్కని ఛాతీ మీదుగా కుడి పక్కకి లాగి, గొంతు దగ్గర మొదటి గుండీ, తర్వాత భుజం దగ్గర, తర్వాత చంక కింద, అక్కణ్నుంచి పక్కటెముకల వెంబడి కిందికి వరసగా పెట్టుకుంటూ వస్తారు. గుండీలు కూడా చాలావరకు గుడ్డవే. సన్నటి గొట్టంలా కుట్టిన గుడ్డని చిక్కటి ముడి వేస్తే అదే గుండీ, కాజాకి బదులు గుడ్డతోనే చేసిన ఉచ్చు. కలిగినవాళ్లు వెండి గుండీలు పెట్టించుకుంటారు. ఆ తర్వాత బుస్, అంటే నడుము కట్టు. మూడు నుంచి ఐదు మీటర్ల గుడ్డ, దేల్ రంగుకి కొట్టొచ్చినట్టు కనపడే వేరే రంగుది, గట్టిగా లాగి లాగి చుట్టి కొసలు లోపలికి దోపేస్తారు. ఇప్పుడు జేబు సంగతి. కట్టు బిగించాక రెండు చేతులతో దానికి పైనున్న గుడ్డని కాస్త పైకి లాగి వదులు చేస్తారు, దాంతో ఛాతీ ముందు పెద్ద సంచీలాంటిది తయారవుతుంది. గిన్నె, నశ్యం సీసా, డబ్బులు అన్నీ అందులోకే. చలికాలం చివర్లో పుట్టిన గొర్రెపిల్లని కూడా అందులోనే పెట్టుకుని గుడారానికి తెచ్చేస్తారు. ఒళ్లు వేడి తగులుతూ ఉంటుంది కాబట్టి అది బతుకుతుంది.

ఇదంతా ఇలా ఎందుకుందో తెలియాలంటే ఆ మనిషిని గుర్రం మీద ఊహించుకోవాలి. ఎదురుగాలి కొడుతున్నప్పుడు కోటు సరిగ్గా మధ్యలో తెరుచుకుంటే గాలి నేరుగా రొమ్ములోకి పోతుంది, ఇక్కడ ఛాతీ మీద రెండు పొరలున్నాయి, తెరుచుకునే చోటు పక్కనెక్కడో ఉంది. నడుము కట్టు గంటల తరబడి స్వారీ చేసేవాడికి వెన్నుకి పట్టునిస్తుంది. కింది ఘేరా వెడల్పుగా ఉంటుంది కాబట్టి కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చున్నా మోకాళ్లు కప్పబడే ఉంటాయి. లోపల ప్యాంటు ఎలాగూ ఉంటుంది. చేతి చివర గిట్ట ఆకారంలో ఒక మడత పట్టీ కుడతారు, దాన్ని నుదరగ అంటారు, మామూలప్పుడు పైకి మడిచి ఉంచుతారు, చలి కొరికేస్తుంటే కిందికి దించితే అదే గ్లవ్, కళ్లెం పట్టుకున్న చెయ్యి గడ్డకట్టదు. రాత్రి బయట పడుకోవాల్సొస్తే ఆ దేలే దుప్పటి. నాకు ఈ దుస్తుల్లో అన్నిటికంటే నచ్చేది ఇదే, అందం కోసం పెట్టారనుకున్న ప్రతి ముక్కకీ వెనక ఒక పనుంటుంది.

ప్రశ్న: జనవరిలో ఉలాన్‌బాతర్‌లో మైనస్ 30 డిగ్రీలకి పడిపోతుందంటారు. ఆ చలికి పట్టుబట్టలు ఎలా ఆగుతాయండీ? (ఒక రిటైర్డ్ మాస్టారు)

పట్టు పైకి కనిపించేది మాత్రమే మాస్టారూ, అసలు పని లోపలి పొరది. దేల్ ఒకటే అయినా కాలాన్ని బట్టి రకాలున్నాయి. వేసవిలోనూ ఎండలు తగ్గే రోజుల్లోనూ వేసుకునే తేలికపాటిదాన్ని తెర్లెగ్ అంటారు. చలి మొదలయ్యాక మధ్యలో దూది పెట్టి కుట్టింది, ఇంకా ముదిరాక లోపల గొర్రెపిల్ల చర్మమో పెద్ద గొర్రె చర్మమో ఉన్నది, బొచ్చు ఒంటివైపు ఉండేలా. పశువుల వెంట రోజంతా తిరిగేవాళ్లకి గొర్రెచర్మం దేల్‌ని మించింది లేదు. పైన పట్టు వేయకుండా చర్మాన్ని చర్మంలాగే వదిలేసి అంచులకి మాత్రం నల్లగుడ్డ పట్టీ కుట్టుకునేవాళ్లూ ఉన్నారు.

అదీ చాలనప్పుడు దాని మీద ఇంకో కోటు, పేరు దఖ్. ఇందులో బొచ్చు బయటికి ఉంటుంది. ఈ దఖ్‌కి చరిత్రలో పెద్ద కథే ఉంది. 13వ శతాబ్దంలో మంగోలులు రాసుకున్న ‘రహస్య చరిత్ర’ అనే పుస్తకంలో ఇలా వస్తుంది: తెముజిన్, అంటే తర్వాత చెంఘిజ్ ఖాన్ అయిన కుర్రాడు, బోర్తెని పెళ్లాడినప్పుడు ఆమె తల్లి వియ్యపురాలికి లాంఛనంగా ఒక నల్ల సేబుల్ దఖ్ తెచ్చింది. సేబుల్ అంటే సైబీరియా అడవుల్లో దొరికే చిన్న జంతువు, దాని బొచ్చు ఎంత ఖరీదో చెప్పలేం. అప్పటికి ఆ ఇంట్లో గుర్రాలే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అయినా తెముజిన్ దాన్ని దాచుకోలేదు, తీసుకెళ్లి తన తండ్రికి ప్రాణస్నేహితుడైన కెరెయిత్ తెగ నాయకుడు తొఘ్రుల్‌కి ఇచ్చేశాడు. చెల్లాచెదురైన నీ జనాన్ని నేను కూడగడతానని ఆయన మాటిచ్చాడు. తర్వాత మెర్కిత్ అనే శత్రు తెగవాళ్లు బోర్తెని ఎత్తుకుపోయినప్పుడు విడిపించడానికి సైన్యంతో కదిలింది ఆయనే. ఒక చలికోటు ఒక పొత్తుని నిలబెట్టింది, ఆ పొత్తు మీదే తెముజిన్ ఎదిగాడు.

తలకి లోవూజ్ అనే నక్కబొచ్చు టోపీ, చెవుల్నీ మెడనీ కప్పేస్తుంది. వేసవి టోపీలు వేరే.

ప్రశ్న: ఇది చైనా వాళ్ల డ్రెస్సే కదా, పేరు మార్చి మంగోలియా అంటున్నారు. కాలరు, పక్క గుండీలు, పట్టు, అంతా అదే. (ముగ్గురు నలుగురు ఇదే రాశారు)

కాదు, దీని మీద నేను కాస్త గట్టిగానే చెప్పదలచుకున్నాను. పట్టు చైనా నుంచి వచ్చిందన్నది నిజం, మంగోలియాలో పట్టుపురుగుల పెంపకం లేదు, పశువుల్నీ చర్మాల్నీ ఇచ్చి పట్టూ తేయాకూ తీసుకునేవాళ్లు. 1691లో ఖల్ఖా తెగ మంగోలు ప్రభువులు అప్పట్లో చైనాని ఏలుతున్న మంచూ చక్రవర్తికి లోబడ్డాక, 1911లో మళ్లీ విడిపోయేదాకా, దొరల దుస్తుల్లో మంచూల ప్రభావం బాగా పడింది. ఇంతవరకు ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ మంచూలు కూడా గుర్రాల మీద తిరిగినవాళ్లే. చైనా డ్రెస్ అని ఇప్పుడు అందరూ అనుకునే ఆ పక్కగుండీల గౌను మంచూల దుస్తుల్లోంచి వచ్చింది.

ఇక తేదీలు చూడండి. 1253లో ఫ్రాన్స్ రాజు నుంచి బయల్దేరి మంగోలుల దగ్గరికి వెళ్లిన విలియం ఆఫ్ రుబ్రుక్ అనే సన్యాసి వాళ్ల బట్టల గురించి శ్రద్ధగా రాశాడు. తుర్కులు అంగీని ఎడమవైపు కట్టుకుంటారు, వీళ్లు ఎప్పుడూ కుడివైపే కట్టుకుంటారు అన్నాడు. మంచూల రాజ్యం వచ్చింది అది రాసిన దాదాపు నాలుగు వందల ఏళ్లకి. ఇంకా వెనక్కి వెళ్తే ఉలాన్‌బాతర్‌కి ఉత్తరాన నోయోన్ ఊల్ కొండల్లో షియోంగ్ను అనే సంచార జాతి ప్రభువుల సమాధులున్నాయి, రెండు వేల ఏళ్ల నాటివి. 1924-25లో రష్యన్ యాత్రికుడు కోజ్లోవ్ బృందం తవ్వితే గడ్డకట్టిన నేలలో ప్యాంట్లు, అంగీలు, టోపీలు, నమ్దా, అంటే ఉన్నిని అదిమి చేసిన గుడ్డతో చేసిన తివాచీలు పాడవకుండా దొరికాయి. షియోంగ్నూలే మంగోలుల పూర్వీకులా అన్నదాని మీద పండితుల్లో వాదనలున్నాయి గానీ, ఆ గడ్డి మైదానంలో స్వారీ చేసేవాళ్లు ఆనాటి నుంచే అంగీ, ప్యాంటు వేసుకున్నారన్నది కళ్లెదుట ఉన్న సాక్ష్యం. పొరుగువాళ్ల దగ్గర గుడ్డ కొన్నంత మాత్రాన బట్ట వాళ్లదైపోదు.

ప్రశ్న: పాత ఫోటోల్లో మంగోలు స్త్రీల జుట్టు రెండు పక్కలా కొమ్ముల్లా ఉంటుంది. అది నిజం జుట్టేనా? హాలీవుడ్ సినిమాలో రాణికి కూడా ఇలాగే ఉంటుంది. (ఇద్దరు అక్కచెల్లెళ్లు కలిసి రాసింది)

నిజం జుట్టే, దానికి సవరం కూడా కలిపేవాళ్లు. ఇది ఖల్ఖా తెగలో పెళ్లయిన స్త్రీల అలంకారం. పాపట తీసి జుట్టుని రెండు పక్కలకీ పలకలా పరిచి, బిగుసుకునేలా కొవ్వో జిగురో పట్టించి, అడ్డంగా వెండి పట్టీలు వరసగా బిగించేవాళ్లు. అవి రెక్కల్లా విచ్చుకుని, కింద సన్నబడి, రెండు జడలై, జడలు బట్ట గొట్టాల్లో దూరి ఛాతీ మీద వేలాడేవి. నడినెత్తిన పగడాలు, పచ్చరాళ్లు పొదిగిన వెండి టోపీ, దాని మీద ఇంకో టోపీ. కొందరు గరుడ పక్షి రెక్కలంటారు, కొందరు ఆవు కొమ్ములంటారు. దీనికి తోడు దేల్ భుజాలు పైకి లేచి నిలబడి ఉంటాయి, పైన ఊజ్ అనే చేతుల్లేని పొడవాటి అంగీ. పెళ్లయిన ఖల్ఖా స్త్రీ ఆ రోజుల్లో నడుము కట్టు కట్టేది కాదు, దాన్ని చూసే పెళ్లయిందో లేదో తెలిసేది.

ఇంతకీ ఇది ఎంతో పాతకాలందేమీ కాదు. 13వ శతాబ్దపు రాణుల తలకట్టు పూర్తిగా వేరు, దాని పేరు బొగ్తగ్. చెట్టు బెరడుతో బోలుగా చేసి పట్టు చుట్టి, మూరెడుకి పైగా ఎత్తుండే స్తంభంలా తల మీద నిలబెట్టి పైన ఈకలు దోపేవాళ్లు. ఈ వర్ణన కూడా రుబ్రుక్ సన్యాసి రాసిందే. అప్పటి రాణుల పటాల్లోనూ కనపడుతుంది. కొమ్ముల జడ దాని తర్వాత చాలా కాలానికి వచ్చింది. 1921 విప్లవం తర్వాత కొత్త ప్రభుత్వానికి ఇదంతా ప్రభువుల ఆడంబరంగా కనిపించింది, కొన్నేళ్లలోనే కనుమరుగైంది. ఉన్న వెండి కొంత మ్యూజియాలకి చేరింది. ఉలాన్‌బాతర్‌లో జాతీయ మ్యూజియంలో తెగల దుస్తులకీ నగలకీ ఒక హాలే ఉంది, అక్కడికి వెళ్లేవాళ్లు దాన్ని హడావిడిగా దాటెయ్యొద్దు. మీరన్న 1999 నాటి స్టార్ వార్స్ సినిమాలో రాణి వేషానికి ఈ ఖల్ఖా అలంకారం నుంచే తీసుకున్నారు. చూసినవాళ్లలో చాలామందికి అది వేరే గ్రహం ఫ్యాషన్ అనిపించింది, నిజంగా బతికిన అమ్మమ్మల జడ అని తెలియలేదు, అదే నాకు బాధ.

ప్రశ్న: తెగని బట్టి తేడాలుంటాయా? (పేరు రాయలేదు)

ఉంటాయి. ఛాతీ మీద అడ్డంగా వచ్చే అంచుని ఎంగెర్ అంటారు, ముందు దాన్ని చూడాలి. ఖల్ఖాల దేల్‌లో అది గుండ్రంగా వంపు తిరుగుతుంది. బుర్యాత్‌ల దేల్‌లో మెట్టులా కోణంగా దిగుతుంది, అక్కడ మూడు రంగుల పట్టీలు ఒకదాని కింద ఒకటి కుడతారు. బుర్యాత్‌లలో ఖోరి శాఖ వాళ్ల టోపీకి 11 అడ్డకుట్లుంటాయి, వాళ్ల 11 వంశాలకి గుర్తుగా. తూర్పున ఉజెమ్‌చిన్‌ల దేల్ అంచులు బాగా వెడల్పు, దరిగంగ వాళ్లు వెండి పనికి పేరుమోసినవాళ్లు. పశ్చిమాన బయాద్, దోర్వోద్, తోర్గూద్, జఖ్‌చిన్ ఇలా ఒక్కో తెగది ఒక్కో తీరు. 20వ శతాబ్దం మధ్యలో యదమ్‌సురెన్ అనే చిత్రకారుడు ఈ తేడాలన్నిటినీ ఓపిగ్గా బొమ్మలుగా గీసి పెట్టాడు, ఈ రోజు దర్జీలకి అవి చాలా పనికొస్తున్నాయి. ఒక్క విషయం, మంగోలులంటే మంగోలియా దేశం వాళ్లే కాదు, చైనాలోని ఇన్నర్ మంగోలియాలో ఇంకా ఎక్కువమంది ఉన్నారు, రష్యాలో బుర్యాత్‌లూ కల్మిక్‌లూ ఉన్నారు.

ప్రశ్న: బూట్ల ముక్కు పైకి ఎందుకు తిరిగి ఉంటుంది?

గుతల్ అనే ఆ బూట్ల గురించి రెండు మూడు మాటలు చెప్తారు. నేలతల్లిని గీరకుండా ఉండటానికన్నది అందరూ చెప్పేది. పాదం రికాబులోంచి జారకుండా అన్నది ఇంకొకటి. నాకు రెండోది నమ్మేలా ఉంది, గుర్రాల వాళ్లు కదా. లోపల నమ్దా మేజోళ్లు వేసుకుంటారు, అందుకే బూటు వదులుగా కుడతారు. తోలు మీద తోలు ముక్కలు అతికించి కుట్టిన ముగ్గుల్లాంటి నక్షాలు దగ్గరగా చూస్తేగానీ వాటి పనితనం తెలియదు.

ప్రశ్న: అందరికీ ఛాతీ కప్పే బట్టలైతే కుస్తీవాళ్లకి ముందు భాగమే లేదేంటి? (తొమ్మిదో తరగతి అబ్బాయి)

మంచి ప్రశ్న బాబూ. పైన వేసుకునేది జొదొగ్, చేతులూ వీపూ మాత్రమే ఉంటాయి, పొట్ట మీద తాడుతో కట్టుకుంటారు. కింద వేసుకునేది షూదగ్. ఒకప్పుడు ఒక ఆడమనిషి మగవేషంలో వచ్చి అందరినీ ఓడించేసిందనీ, ఇంకెప్పుడూ అలా జరక్కూడదని ఛాతీ తెరిచిపెట్టారనీ కథ. అది కథే. కానీ కయిదు ఖాన్ కూతురు ఖుతులున్ తనని పెళ్లాడాలని వచ్చినవాళ్లని కుస్తీలో ఓడించి గుర్రాలు గెలుచుకునేదని మార్కో పోలో రాశాడు, అందుకే ఈ కథని ఆమెకి ముడిపెడుతుంటారు. ఇంకో సంగతి, ఈ కుస్తీలో బరువుని బట్టి విభాగాలుండవు.

ప్రశ్న: ఇప్పటి వాళ్లు దేల్ వేసుకుంటున్నారా, లేక టూరిస్టుల కోసమేనా? ఉద్యోగరీత్యా ఉలాన్‌బాతర్ వెళ్తున్నాను, నేను వేసుకోవచ్చా? (ఒక ఇంజినీరు)

వేసుకుంటున్నారు. రాజధానిలో ఆఫీసుకి వెళ్లేవాళ్లు మామూలు రోజుల్లో జీన్సూ జాకెట్లే, మీరు దిగగానే దేల్‌లు కనపడకపోతే నిరాశపడొద్దు. పల్లెల్లో, మందల దగ్గర, ముఖ్యంగా చలికాలంలో అది రోజువారీ బట్టే, దేల్ మీద కట్టు బిగించి మోటార్‌సైకిల్ నడిపేవాళ్లు బోలెడుమంది. పెళ్లిళ్లకీ, పట్టా అందుకునే రోజుకీ, నాదమ్‌కీ నగరం కూడా దేల్‌లోకి మారిపోతుంది. నాదమ్ రోజుల్లో సుఖ్‌బాతర్ చౌక్‌లో దేల్ వేసుకున్నవాళ్ల ఊరేగింపు పండుగ జరుగుతుంది, దాని పేరు దేల్‌తె మంగోల్. 1990 ప్రజాస్వామ్య విప్లవం తర్వాత యువతలో ఈ ఇష్టం పెరిగింది, పొట్టి దేల్‌లు, జీన్స్ మీద వేసుకునే హంతాజ్‌లు, అంటే చేతుల్లేని పైకోట్లు, ఇలా కొత్త కోతలు కూడా వచ్చాయి. మంచిదే.

మీరు నిరభ్యంతరంగా వేసుకోవచ్చు, సంతోషిస్తారు. గుడ్డా, బూట్లూ, టోపీలూ నరన్‌తూల్ బజారులో దొరుకుతాయి. కుట్టించుకుంటే త్సగాన్ సార్‌కి కుట్టించుకోండి, అది చాంద్రమానం కొత్త సంవత్సరం, ఎక్కువగా ఫిబ్రవరిలో వస్తుంది. ఆ రోజు చిన్నవాళ్లు రెండు చేతులూ చాచి పెద్దవాళ్ల మోచేతుల్ని కింద నుంచి పట్టుకుని పలకరిస్తారు, టోపీ తల మీదే ఉండాలి, దేల్ చేతుల చివరి మడతలు కిందికి దించి ఉండాలి. తర్వాత ఛాతీ సంచీలోంచి నశ్యం సీసా బయటికొస్తుంది, పట్టుసంచీలో పెట్టిన రాతి సీసా, మూత కాస్త వదులు చేసి కుడిచేత్తో ఇస్తారు. మీరూ కుడిచేత్తోనే అందుకుని, నశ్యం అలవాటు లేకపోతే మూత దగ్గర వాసన చూసి తిరిగి ఇచ్చేయండి. వద్దనకండి.

టోపీ, నడుము కట్టు, ఈ రెండిటి విషయంలో జాగ్రత్త. నేల మీద పడేయకూడదు, దాటకూడదు, వేరేవాళ్ల టోపీ సరదాకి కూడా పెట్టుకోకూడదు. ఇది ఉత్త పట్టింపు కాదు. శత్రువుల నుంచి తప్పించుకున్న తెముజిన్ బుర్ఖాన్ ఖల్దున్ కొండకి మొక్కేటప్పుడు కట్టు విప్పి మెడలో వేసుకుని, టోపీ తీసి చేతికి తగిలించుకుని, సూర్యుడి వైపు తిరిగి తొమ్మిదిసార్లు మోకరిల్లాడని రహస్య చరిత్ర చెప్తుంది. తన అధికారమంతా ఆ రెండింటిలో ఉంది, వాటిని తీసి కొండ ముందు తలవంచాడన్నమాట. చిన్ననాటి నేస్తం జముఖాతో అన్నదమ్ముల ఒట్టు కొత్తగా వేసుకున్నప్పుడు కూడా ఇద్దరూ ఒకరికొకరు ఇచ్చుకున్నవి బంగారు నడుము కట్లూ గుర్రాలూనే.

ప్రశ్న: మా నాటకంలో ఇద్దరు మంగోలు పాత్రలున్నాయి. కుట్టేటప్పుడు ఏం చూసుకోవాలి? (నాటకాలకి బట్టలు కుట్టే ఒక దర్జీ)

మీలాంటివాళ్లు అడిగినందుకు చాలా సంతోషం. ముందు, మధ్యలో గుండీలు పెట్టొద్దు. ఎడమ ముక్క పైకి, కుడి ముక్క లోపలికి, గుండీలన్నీ కుడిపక్కన. తిరగేస్తే తెలిసినవాళ్లకి వెంటనే దొరికిపోతుంది. ఒంటికి అతుక్కునేలా కుట్టొద్దు, గుర్రం మీద కూర్చోగలగాలి. పాత పద్ధతిలో భుజం మీద కుట్టుండదు, గుడ్డని భుజం దగ్గర మడిచి ముందూ వెనకా చెయ్యి పైభాగం కలిపే కత్తిరిస్తారు, మీరూ అలాగే చేస్తే ఆ జారుడు భుజం దానంతటదే వస్తుంది. చేతులు మీ కొలత కంటే జానెడు పొడుగు పెట్టండి. సినిమాల్లోలాగా ప్రతి అంచుకీ బొచ్చు అంటించొద్దు, బొచ్చు లోపల ఉండే బట్ట అది, కాలరు దగ్గరా చేతుల చివరా కాస్త కనపడితే చాలు. అంచుకి రంగు పట్టీ మాత్రం తప్పదు. నడుము కట్టుకి బెల్టు వాడొద్దు, నిజంగానే మూడు మీటర్లకి తగ్గకుండా గుడ్డ తీసుకోండి, పాత్రధారి ఊపిరి వదిలినప్పుడు బిగించి చుట్టండి, పైన గుడ్డ లాగి వదులు చెయ్యడం మర్చిపోకండి. మగపాత్రకి కట్టు తుంటి మీదికి దించండి, ఆడపాత్ర పాతకాలపు ఖల్ఖా ఇల్లాలైతే కట్టు అసలు కట్టకుండా పైన ఊజ్ వెయ్యండి.